రంగులద్దిన ప్లాస్టిక్ ఆటబొమ్మలు: పాత రంగు తీయడం, కొత్త రంగు వేయడం

బల్లమీద ఆడే యుద్ధాల ఆటల్లోనూ, ఆటగాళ్లు తలా ఒక పాత్ర ధరించి ఆడే ఆటల్లోనూ పావులుగా నిలబెట్టే చిన్న బొమ్మలను మినియేచర్లు అంటారు. మనిషి బొమ్మ అయితే సాధారణంగా 28 నుంచి 32 మిల్లీమీటర్ల ఎత్తుంటుంది. వీటిలో కొన్ని ఫ్యాక్టరీలోనే రంగులు వేసుకుని వస్తాయి. ఆ రంగులు నచ్చకపోయినా, పెచ్చులూడినా, బొమ్మను వేరే పాత్రగా మార్చుకోవాలన్నా ఆటగాళ్లు వాటికి కొత్త రంగు వేసుకుంటారు. అందుకు ముందు పాత రంగంతా ఊడగొట్టాలని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం చాలావరకు అనవసరం. ఊడగొట్టక తప్పని చోట కూడా ముందు తెలుసుకోవలసింది బొమ్మ ఏ ప్లాస్టిక్‌తో చేసిందన్న సంగతి. రంగు ఏదన్నది తర్వాతి మాట.

ఎలా వచ్చాయి

యుద్ధాన్ని బల్లమీదికి తెచ్చినవారిలో ప్రష్యా సైన్యాధికారి రీస్విట్జ్ ఒకరు. 1824లో ఆయన రూపొందించిన క్రీగ్‌స్పీల్ అధికారుల శిక్షణకు వాడిన ఆట. అందులో బొమ్మలు లేవు, పటం మీద కదిపే దిమ్మలే ఉండేవి. సీసపు సైనికులతో ఇంట్లో నేలమీద ఆడుకునే పద్ధతికి 1913లో ఇంగ్లిషు రచయిత హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' పేరుతో నియమాలు రాశాడు. 1959 నుంచి బ్రిటిష్ కంపెనీ ఎయిర్‌ఫిక్స్ మెత్తటి పాలిథిలిన్‌తో చిన్న సైనికులను చవగ్గా పోతపోసి అమ్మింది. 1974లో పాత్రలు ధరించి ఆడే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చాక రాక్షసులకూ మాంత్రికులకూ గిరాకీ పెరిగింది. అయితే ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం రంగులేని లోహపు బొమ్మలే. రంగు వేసుకునే బాధ్యత కొన్నవాడిది.

ఆ బాధ్యతను తప్పించి డబ్బు చేసుకున్న కంపెనీ విజ్‌కిడ్స్. 2000లో విడుదలైన దాని మేజ్ నైట్ ఆటలో రంగులు వేసిన బొమ్మలు, అడుగున తిరిగే చక్రంతో, లోపల ఏముందో తెలియని పెట్టెల్లో వచ్చేవి. 2002లో అదే పద్ధతిలో హీరోక్లిక్స్ వచ్చింది. 2003లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ బొమ్మలను రంగులతో తెచ్చింది, 2004లో స్టార్ వార్స్ బొమ్మలు మొదలయ్యాయి. ఆ ఊపు పదేళ్లు కూడా నిలవలేదు. 2008లో విజ్‌కిడ్స్‌ను దాని యజమాని టాప్స్ మూసేసింది, మరుసటి ఏడాది దాన్ని నెకా అనే కంపెనీ కొనుక్కుంది. 2010 నాటికి స్టార్ వార్స్ శ్రేణి, 2011 నాటికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ శ్రేణి ఆగిపోయాయి. తర్వాత 2012లో స్టార్ వార్స్ ఆట ఎక్స్‌వింగ్ ఓడలతో, 2014లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్త శ్రేణి ఐకాన్స్ ఆఫ్ ద రెల్మ్స్‌తో రంగు బొమ్మలు మళ్లీ నిలదొక్కుకున్నాయి. ఆ మొదటి అల మిగిల్చిన బొమ్మలు ఇప్పటికీ అట్టపెట్టెలకొద్దీ చేతులు మారుతూ ఉంటాయి. కొత్త రంగు కోసం ఆటగాళ్లు ఎక్కువగా చేతిలోకి తీసుకునేవి అవే.

ఫ్యాక్టరీ రంగు తీరు

ఉక్కు అచ్చుల్లో వేడి ప్లాస్టిక్‌ను ఒత్తిడితో నింపి బొమ్మను తీస్తారు. తర్వాత ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క లోహపు తొడుగు బిగిస్తారు. రంగు పడవలసిన చోట మాత్రమే దానికి కిటికీ ఉంటుంది. దాని మీదుగా రంగు చిమ్ముతారు. కళ్లు, చిహ్నాలు వంటి వాటిని మెత్తటి సిలికోన్ దిండుతో అద్దుతారు, మిగిలింది కుంచెతో చేతిపని. రంగు వేసే అడుగు ఒక్కటి పెరిగితే ఆ మేరకు ఖర్చు పెరుగుతుంది. కనుక చవక బొమ్మలో ముఖం, చేతులు, తోలు సంచి అన్నీ ఒకే గోధుమరంగులో ఉంటాయి; తొడుగు కాస్త జరిగితే కన్ను చెంప మీదికి వస్తుంది. రంగు పొర మందంగా ఉండి గొలుసు కవచపు కడియాలు, జుట్టు పాయలు పూడిపోతాయి. కొత్త రంగు కావాలనిపించేది ఇక్కడే. బొమ్మ చెక్కడం బాగుంటుంది, పైపూత దాన్ని కప్పేస్తుంది.

ఈ ఫ్యాక్టరీ రంగుకు ఇంకో గుణం ఉంది. వినైల్‌కు వాడే రంగుల్లోని ద్రావకం ప్లాస్టిక్ పైపొరను కాస్త కరిగించి రంగును అందులోకి దింపుతుంది. ఇంట్లో వేసుకున్న అక్రిలిక్ రంగు బొమ్మ మీద పొరలా కూర్చుంటే, ఇది బొమ్మలోకి దిగి కూర్చుంటుంది. ఆటగాడి రంగును ఊడగొట్టిన మందు ఫ్యాక్టరీ రంగు మీద చతికిలబడడానికి కారణం ఇదే.

ప్లాస్టిక్‌ను గుర్తించడం

రంగులతో వచ్చే ఆటబొమ్మలు చాలావరకు మెత్తటి పీవీసీవి. పీవీసీ స్వతహాగా గట్టిది. నీళ్ల పైపులు దానివే. అందులో థాలేట్ల వంటి మెత్తబరిచే రసాయనాలు కలిపితే వంగే బొమ్మ అవుతుంది. పాత ఎయిర్‌ఫిక్స్ తరహా సైనికులు పాలిథిలిన్. జిగురుతో అతికించుకునే గట్టి కిట్ల బొమ్మలు పాలీస్టైరిన్. మూడింటికీ పడే మందులు వేరు, పడని మందులు వేరు.

వంటింట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. అడుగు దిమ్మ ఊడదీసిన బొమ్మను, లేదా దాని విరిగిన ముక్కను, గిన్నెడు నీళ్లలో వేసి గాలి బుడగలు లేకుండా వేలితో ముంచి వదలండి. తేలితే పాలిథిలిన్, దాని సాంద్రత నీటికంటే తక్కువ. మునిగితే నీళ్లలో ఇక కరగనంత వరకు ఉప్పు కలిపి మళ్లీ వేయండి. పాలీస్టైరిన్ సాంద్రత సుమారు 1.05 కాబట్టి ఉప్పునీటిలో పైకి వస్తుంది. పీవీసీ సాధారణంగా అందులోనూ అడుగునే ఉంటుంది. మునిగేది, వేలితో వంచితే వంగి తిరిగి నిలబడేది అయితే అది మెత్తటి పీవీసీ అని నిశ్చింతగా అనుకోవచ్చు. కాల్చి వాసన చూసే పాత పరీక్ష మాత్రం వద్దు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులను కొరుకుతుంది.

మెత్తటి పీవీసీ బల్లేలు, కత్తులు పెట్టెలో ఒత్తుకుని వంగిపోతాయి. బాగా వేడెక్కిన నీళ్లలో అర నిమిషం ముంచి, చేత్తో సరిచేసి, వెంటనే చల్లటి నీళ్లలో పెడితే నిటారుగా నిలుస్తాయి. మే నెలలో కిటికీ పక్కన ఎండలో ఉంచితే మళ్లీ వంగుతాయి కూడా.

తీయాలా, వద్దా

ఫ్యాక్టరీ రంగు పలుచగా, గట్టిగా పట్టుకుని ఉంటే దాన్ని మించిన పునాది పూత దొరకదు. గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, వేళ్ల జిడ్డు, అచ్చు నుంచి అంటిన నూనె పోగొట్టి, ఆరబెట్టి నేరుగా పైన రంగు వేయవచ్చు. రంగుబొమ్మల విషయంలో పదింట ఏడెనిమిదికి ఇది చాలు. ఇది లెక్క కాదు, నా అంచనా. తీయవలసిన సందర్భాలు మూడు: పొర మందమై ముఖపు గీతలు పూడిపోయినప్పుడు, పెచ్చులు లేచి అంచులు కనిపిస్తున్నప్పుడు, ముందు యజమాని డబ్బా రంగు చిమ్మి పాడుచేసినప్పుడు. అరుదైన బొమ్మ అయితే ఇంకో సంగతి ఆలోచించాలి. సేకరించేవారికి ఫ్యాక్టరీ రంగుతో ఉన్న బొమ్మే కావాలి. దాన్ని ఎంత అందంగా మార్చినా వారి దగ్గర ధర పడిపోతుంది.

ద్రావకాలు

రంగు తీసే ద్రావకాల గురించి ఆటగాళ్లు చెప్పుకునే మాటల్లో సగం అమెరికా, బ్రిటన్ దుకాణాల సరుకు గురించినవి. అమెరికన్లు వాడే సింపుల్ గ్రీన్ అనే తుడుపు ద్రవం మన కిరాణా కొట్లో దొరకదు. దొరికేవాటిలో మొదట చెప్పుకోవలసింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఎలక్ట్రానిక్ పరికరాలు బాగుచేసేవాళ్లు సర్క్యూట్ బోర్డులు తుడవడానికి వాడేది ఇదే. కోవిడ్ కాలంలో శానిటైజర్ల పుణ్యమా అని ఊరూరా తెలిసిపోయింది. ఇంట్లో వేసిన అక్రిలిక్ రంగు ఇందులో కొన్ని గంటల్లో మెత్తబడుతుంది. మూత బిగించిన గాజుసీసాలో బొమ్మను నానబెట్టి, గంటకోసారి చూస్తూ, రంగు ముడతలు పడగానే తీసి టూత్‌బ్రష్షుతో రుద్దాలి. మూలల్లో మిగిలినదాన్ని వెదురు పుల్లతో గీరాలి. సూది వాడితే ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి. ఫ్యాక్టరీ రంగు ఇందులో పూర్తిగా పోదు, పలుచబడుతుంది. అది చాలు. బొమ్మ తెల్లగా బయటపడేదాకా రోజులకొద్దీ నానబెడితే మెత్తబరిచే రసాయనం కూడా ద్రావకంలోకి వచ్చేస్తుంది. ముందు ఉబ్బిన బొమ్మ ఆరాక బిగుసుకుపోయి, సన్నటి చీలమండ దగ్గర పుటుక్కున విరుగుతుంది.

బ్రిటిష్ ఆటగాళ్ల అభిమాన మందు డెట్టాల్. మన ఇళ్లలోనూ ఉండేదే. అందులోని క్లోరోజైలినాల్ 4.8 శాతమే, రంగును మెత్తబరచడంలో దానితోపాటు ఉన్న పైన్ నూనెకూ ఆల్కహాల్‌కూ పెద్ద పాత్ర ఉంది. నీళ్లు కలపకుండా వాడాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు నానిన బొమ్మను నేరుగా కుళాయి కింద పెట్టడం. నీరు తగిలిన క్షణాన మెత్తబడిన రంగు తారులాంటి జిగురు ముద్దగా మారి బొమ్మకూ బ్రష్షుకూ వేళ్లకూ అంటుకుంటుంది. రుద్దడం అంతా డెట్టాల్‌లోనే పూర్తి చేసి, శుభ్రమైన డెట్టాల్‌లో ఇంకోసారి కడిగి, ఆ తర్వాతే సబ్బునీళ్లకు వెళ్లాలి. చేతి తొడుగులు తప్పనిసరి. చిక్కటి డెట్టాల్ చర్మాన్ని మండిస్తుంది. వాసన ఇంట్లోంచి పోవడానికి పట్టే కాలం వేరే.

అసిటోన్ పాలీస్టైరిన్‌ను కళ్లముందే కరిగించేస్తుంది. పీవీసీని ఉబ్బించి పైపొరను జిగటగా మారుస్తుంది. కొందరు దూదిపుల్లకు అద్ది ఒక్క తుడుపు తుడిచి వెంటనే కడిగేస్తారు. చదునైన చోట, డాలు వంటిదాని మీద, అది పనిచేయవచ్చు కానీ ముఖం మీద వద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్లలో చాలా వాటిలో ఉండేది కూడా అసిటోనే కాబట్టి అదీ అంతే. హార్డ్‌వేర్ షాపు థిన్నర్ ఒక ద్రావకం కాదు, టోలీన్ వంటి వాటి మిశ్రమం. డబ్బాడబ్బాకూ పాళ్లు మారతాయి. బ్రేక్ ఆయిల్ రంగును తీస్తుందన్నది నిజమే, చర్మం గుండా ఒంట్లోకి పోతుందన్నదీ నిజమే. కాస్టిక్ సోడా పీవీసీని ఏమీ చేయకపోవచ్చు, చేతిని మాత్రం కాలుస్తుంది. ఈ మూడింటినీ 30 మిల్లీమీటర్ల బొమ్మ కోసం ఇంట్లోకి తేవడం దండగ.

పాలిథిలిన్ కథ తిరగబడి ఉంటుంది. దానికి రంగు తీయడం తేలిక, పట్టించడమే కష్టం. వంచితే చాలు, రంగు పెచ్చులుగా రాలుతుంది. పాత ఆటగాళ్ల చిట్కా తెల్ల జిగురు: నీళ్లు కలిపిన ఫెవికాల్ వంటిది ఒక పూత పూసి, ఆరాక రంగు వేసి, పైన మరో పూత వేయడం. రంగు రెండు పొరల నడుమ చిక్కుకుని నిలుస్తుంది.

ఏ ద్రావకమైనా బొమ్మ అడుగు భాగాన ఒక చుక్క వేసి, పది నిమిషాలు ఆగి, గోటితో గీకి చూశాకే ముందుకు పోవాలి. ఐసోప్రొపైల్, అసిటోన్ రెండూ భగ్గుమనేవి. పొయ్యి ఉన్న వంటింట్లో, అగరువత్తి వెలిగించిన గదిలో సీసా మూత తీయకూడదు.

మళ్లీ రంగు

కొండపల్లి పనివాళ్లు తెల్లపొణికి చెక్క బొమ్మకు రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, సున్నం పూత వేశాకే రంగు ముట్టుకుంటారు. ప్లాస్టిక్ మీద ప్రైమర్ చేసే పనీ అదే: రంగుకు గరుకైన, ఒకే తీరున్న పునాది ఇవ్వడం. తేడా ఒక్కటే. చెక్క పీలుస్తుంది, పీవీసీ పీల్చదు. పైగా డబ్బా స్ప్రే ప్రైమర్లలో కొన్ని పీవీసీలోని మెత్తబరిచే రసాయనంతో కలిసి వారాల తరబడి జిగటగానే ఉండిపోతాయి. నీటితో కలిపే అక్రిలిక్ ప్రైమర్‌ను కుంచెతో పలుచగా వేయడం నిదానమైనా నమ్మకమైన దారి.

స్ప్రే వాడేవారు తెలంగాణ వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పాన్‌గల్, వనపర్తి వైపు పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో చిమ్మిన రంగు గాలిలోనే ఆరి బొమ్మ మీద పొడిలా రాలుతుంది, తెల్లవారుజామున చేసుకోవాలి. వానాకాలంలో తేమవల్ల వార్నిష్ తెల్లగా పొగమంచు కమ్మినట్టు అవుతుంది. కుంచెపని చేసేవారికీ ఎండాకాలపు ఇబ్బంది ఉంది: పళ్లెంలో రంగు నిమిషాల్లో గడ్డకడుతుంది. మూత ఉన్న డబ్బాలో తడి స్పాంజి పరిచి, పైన బటర్ పేపరు వేసి, దాని మీద రంగు కలుపుకుంటే గంటలకొద్దీ తడిగా ఉంటుంది.

స్టేషనరీ షాపులో దొరికే ఫెవిక్రిల్, క్యామెల్ అక్రిలిక్ రంగులు చాలు. ఆటబొమ్మల కోసమే తయారయ్యే విదేశీ రంగుల్లో పొడి మరింత మెత్తగా నూరి ఉంటుంది, పలుచటి పూతకే కప్పు వస్తుంది. మన రంగును పాలలా పలుచన చేసి రెండు మూడు పూతలు వేస్తే దాదాపు అదే ఫలితం. మొదట ఒక్కో భాగానికి అడుగు రంగు. ఆరాక ముదురు గోధుమ రంగును బాగా నీళ్లగా చేసి బొమ్మంతా పూస్తే అది పల్లాల్లోకి జారి నీడలు చేస్తుంది. తర్వాత కుంచెలో రంగు దాదాపు లేకుండా గుడ్డకు తుడిచి, లేత రంగుతో మిట్టల మీద తేలిగ్గా రాస్తే వెలుగు వస్తుంది. చివర మెరుపులేని వార్నిష్. ఈ అడుగులు వచ్చినవాడి చేతిలో చవక బొమ్మ కూడా ఫ్యాక్టరీ బొమ్మను దాటిపోతుంది.

పాన్‌గల్ ముట్టడికి ఒక సైన్యం

రంగులు వేసి అమ్మిన శ్రేణుల్లో ప్రధానమైనవన్నీ పాశ్చాత్య కల్పనా లోకాలవి, సినిమాలవి, రెండో ప్రపంచయుద్ధానివి. మన చరిత్రలోని యుద్ధాన్ని బల్లమీద పరచాలంటే ఉన్న బొమ్మను మార్చుకోవడమే గతి. వనపర్తి వైపున్న పాన్‌గల్ కోట అందుకు మంచి ఉదాహరణ. 15వ శతాబ్దం రెండో దశకంలో బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా ఈ కొండకోటను ముట్టడించాడు. ముట్టడి రెండేళ్లు సాగింది, అతని దండులో తెగులు పుట్టింది, చివరకు విజయనగర రాజు మొదటి దేవరాయల సేనల చేతిలో ఓడాడు. యుద్ధ సంవత్సరాన్ని చరిత్రకారులు 1417 మొదలు 1420 దాకా వేరువేరుగా చెబుతారు. 1422లో ఫిరోజ్ షా తమ్ముడు అహ్మద్‌కు గద్దె విడిచిపెట్టాడు. ఆటగాడికి ఇందులో కావలసినవన్నీ ఉన్నాయి: కోట, ఆకలి, రోగం, సాయం వచ్చే సైన్యం.

దేవరాయల సైనికుడు ఎలా ఉండేవాడో చూపే ఆధారం కూడా ఆ కాలానిదే దొరుకుతుంది. ఆ రాజు కాలానిదిగా చెప్పే హంపి హజారరామ ఆలయపు ప్రాకారం మీద ఏనుగులు, గుర్రాలు, పదాతులు బారులు తీరి ఉంటారు. ఒంటిమీద పెద్దగా బట్ట లేకుండా కత్తి, డాలు, బల్లెం పట్టిన మనుషులు. రాతి మీద రంగు లేదు కనుక దానికి లేపాక్షి కుడ్యచిత్రాల వైపు చూడాలి. అవి సుమారు వందేళ్ల తర్వాతివి, 16వ శతాబ్దానివి. తెలుపు, ఇటుక ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వస్త్రాలు, పెద్దల తలల మీద పొడుగాటి కుళ్లాయిలు కనిపిస్తాయి. ఆటకు ఆ వందేళ్ల తేడాను సర్దుకోవచ్చు. చదువుకునే పుస్తకంలో బొమ్మ వేస్తే మాత్రం సర్దుకోకూడదు.

మార్పు పనికి మెత్తటి పీవీసీ అనుకూలం. పదునైన కట్టరు బ్లేడు దిగుతుంది. రంగులతో వచ్చిన ఏ కాల్పనిక బల్లెం బంటునైనా తీసుకుని, ఇనుప టోపీని కోసి, ఆ స్థానంలో ఎం-సీల్ ముద్దతో తలపాగా చుట్టవచ్చు. కలిపాక అది గట్టిపడేలోపు పాగా మడతలు తీర్చుకోవాలి, సూది మొనను నీళ్లలో తడుపుతూ ఉండాలి. అతికించడానికి సూపర్ గ్లూ పీవీసీకి పట్టుతుంది, పాలిథిలిన్‌కు పట్టదు. కిట్లకు వాడే ప్లాస్టిక్ సిమెంటు రెండింటికీ పట్టదు. కొత్తగా చేర్చిన ముద్ద, కోసిన చోట బయటపడ్డ ప్లాస్టిక్, పాత రంగు మూడూ ఒకే తీరుగా కనిపించాలంటే ఇక్కడ ప్రైమర్ వేయక తప్పదు. దిమ్మ మీద పాన్‌గల్ నేల కావాలంటే ఎర్ర చెల్క మట్టిని జల్లెడ పట్టి ఫెవికాల్ మీద చల్లితే సరి. ఏ దుకాణపు రంగూ దానికి సాటి రాదు.

జాగ్రత్తలు

పాత రంగు బొమ్మల్లో సీసం ఉండవచ్చు. 2007లో మ్యాటెల్ కంపెనీ రంగులో సీసం ఉందని లక్షల బొమ్మలను వెనక్కి తీసుకుంది. అది పేరున్న కంపెనీ సంగతి. అందుకని తెలియని బొమ్మను ఉప్పుకాగితంతో పొడిగా రుద్దకూడదు, తడిపి రుద్ది, ఆ తుడుపు గుడ్డ పారేయాలి. ఐరోపా సంఘం 2005లో పిల్లల బొమ్మల్లో మూడు థాలేట్లను 0.1 శాతానికి మించి వాడడాన్ని నిషేధించింది. అంతకు ముందటి మెత్తటి పీవీసీ బొమ్మలు ఇంకా చెలామణిలో ఉన్నాయి. భారతదేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేస్తూ 2016లో నియమాలు వచ్చాయి. బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. ఆ ఉత్తర్వు 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే వస్తువులకే వర్తిస్తుంది. పెద్దల ఆటబొమ్మలు దాని పరిధిలోకి రావు, మీరు ఇంట్లో వేసిన రంగు అసలే రాదు. వాడిన ద్రావకాన్ని మోరీలోనో చెరువు కాలువలోనో పోయకుండా, రంగు అడుగుకు దిగాక పైతేటను వడగట్టి మళ్లీ వాడుకోండి. రంగు మార్చిన బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా, ఏదైనా నోట్లో పెట్టుకునే వయసు పిల్లల చేతికి ఇవ్వకండి.